అడవి పండు ఎవరిది?

తోటలో కాచిన పండు తోటవానిది. అంగడిలో ఉన్న పండు అంగడివానిది; వెల చెల్లించిన పిమ్మట అది మనది. ఇంతవరకు చిక్కు లేదు. కాని ఎవ్వరును విత్తనము నాటక, ఎవ్వరును నీరు పోయక, ఎవ్వరును కంచె కట్టక, అడవిలో తనంతట తాను పండిన పండు ఎవరిది? దానిని కోసికొన్నవానికి దోషము కలదా? కోసినవాని యొద్ద కొన్నవానికి దోషము కలదా? ఇది పిల్లలు వేయు ప్రశ్నవలె కనబడును. కాని అహింసను, అచౌర్యమును వ్రతములుగా స్వీకరించి, వర్తకముతో బ్రతుకుచున్న మనబోటి కుటుంబములకు ఇది తప్పించుకొనరాని ప్రశ్న.

ఈ ప్రశ్న పుట్టుటకు దూరము పోనక్కరలేదు. కర్ణాటక రాష్ట్రమునకు ఉత్తరపు కొసన ఉన్న జిల్లా బీదరు. 1956 నవంబరు 1వ తేదీ వరకు ఇది హైదరాబాదు రాష్ట్రములోనిది. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ ఒకే సంతలో వినబడు సీమ. పట్టణము సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైగా, చిల్లులు చిల్లులుగా నుండు ఎర్రరాతి పీఠభూమి మీద ఉన్నది. పట్టణమునకు ఆనుకొని యున్న చిద్రి మొదలుగా ఎటు పోయినను నేల ఎర్రనిదే. దున్నుటకు పనికిరాని మెట్టలలో ముండ్లపొదలే ఎక్కువ. ఆ పొదలే బీదలకు తోటలు. వేసవిలో తునికి పండ్లు, కలివి పండ్లు, తొలకరికి నేరేడు, దసరా నాటికి సీతాఫలములు, చలికాలములో రేగుపండ్లు, పరికిపండ్లు. తండాల స్త్రీలును, కూలిపని దొరకని ఇండ్లవారును వేకువనే లేచి, ముండ్లలో చేతులు గీరుకొని, గంపలు నింపుకొని వచ్చి వీధులలో అమ్ముదురు. ఆ గంపను దింపించి బేరమాడువారిలో మనము కూడ ఉన్నాము.

మన శాస్త్రములలో దొంగతనమునకు గల పేరు గమనింపదగినది. దానిని అదత్తాదానము అందురు. ఇయ్యనిదానిని తీసికొనుట అని అర్థము. "పరుల సొమ్మును తీసికొనుట" అని పేరు పెట్టియున్నచో, పరులెవ్వరును లేని అడవిలో దోషమే యుండదు. కాని పూర్వాచార్యులు యజమాని ఉన్నాడా లేడా అని మొదట అడుగలేదు. ఇచ్చినవారెవరు అని అడిగిరి. శ్వేతాంబర సంప్రదాయములో అదత్తము నాలుగు విధములని చెప్పుదురు. యజమాని ఇయ్యనిది స్వామి అదత్తము. ఆ జీవమే తన్ను తాను ఇయ్యనిది జీవ అదత్తము. జినులు అనుమతింపనిది తీర్థంకర అదత్తము. గురువు అనుమతింపనిది గురు అదత్తము. తోటమాలి కానుకగా ఇచ్చిన పచ్చికాయకు యజమాని అనుమతి ఉన్నది. చెట్టు అనుమతి లేదు. ఇంత సూక్ష్మమైన నియమము మునులకు చెప్పబడినది. గృహస్థునకు అణువ్రతమే చాలును. దిగంబరాచార్యులు కూడ గృహస్థునకు బావినీరు, మట్టి వంటి సర్వసామాన్య వస్తువుల విషయమున సడలింపు ఇచ్చి, తక్కినది ఇయ్యక తీసికొనవలదనిరి. నీరు, మట్టి అన్నారే గాని, పండు అనలేదు. కాబట్టి అడవి పండు నీటివలె అందరిదా, తోటపండువలె ఒకరిదా అను ప్రశ్న గృహస్థుని ముందు మిగిలియే యున్నది.

చట్టము దీనికి తన సమాధానములు తాను చెప్పినది. 1927 నాటి భారత అటవీ చట్టము అడవి నుండి వచ్చిన చెట్టునే గాక ఆకును, పూవును, పండును కూడ అటవీ ఉత్పత్తిగా లెక్కించినది. అనగా అడవి పండునకు యజమాని సర్కారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ఇంకొక సమాధానము చెప్పినది. తరతరములుగా అడవినాశ్రయించి బ్రతుకువారు సంప్రదాయముగా ఏరుకొను చిన్న అటవీ ఉత్పత్తులపై వారికి యాజమాన్యపు హక్కునే గుర్తించినది. ఒకే పండు, ఎనుబది యేండ్ల లోపల యజమాని మారినాడు. చెట్టునకు ఈ సంగతి తెలియదు.

భూగోళమునకు ఉత్తరపు కొసన ఉన్న దేశములు ఇంకొక దారి పట్టినవి. స్వీడన్, ఫిన్లాండ్, నార్వేలలో మంచు కరిగిన తరువాత కొద్ది వారములే అడవులు, చిత్తడి నేలలు పండ్లతో నిండును. ఎర్రని లింగన్‌బెర్రీ, నల్లని బిల్‌బెర్రీ, పసుపువన్నె క్లౌడ్‌బెర్రీ అను చిన్నచిన్న పండ్లు అవి. అక్కడి ఆచారము ప్రకారము అడవి ఎవరి సొంతమైనను, తానై పండిన పండ్లను దారిని పోవువాడెవడైనను ఏరుకొనవచ్చును. స్వీడన్ ఈ ప్రజాహక్కును 1994లో తన రాజ్యాంగములోనే చేర్చినది. నార్వేలో చిన్న మినహాయింపు కలదు. అదియే నాకు ఎక్కువ ఆలోచింపదగినదిగా తోచినది. ఆ దేశపు ఉత్తర మండలములలో క్లౌడ్‌బెర్రీ పండు నేల గలవానికి ముఖ్యమైన ఆదాయము. నేలవాడు వలదని చెప్పినచో, ఇతరులు ఆ పండ్లను కోసి పట్టుకొనిపోరాదు. కాని అక్కడనే నిలిచి తినుటకు మాత్రము అభ్యంతరము లేదు. నోటికి అనుమతి ఉన్నది, బుట్టకు లేదు. ఆకలికిని వ్యాపారమునకును నడుమ గీత గీయవలసినప్పుడు, వేల మైళ్ల అవతల, మన శాస్త్రముల పేరు కూడ విననివారు, ఈ చోటనే గీసినారు. మన సంప్రదాయము ఆ గీతను ఇంకెంత లోతుగా గీసినదో చూతము.

నేరేడు చెట్టు కథ మన పిల్లలందరికిని తెలిసినదే. అనేక జినాలయములలో ఆ చిత్రము గోడమీద కనబడును. ఆరుగురు బాటసారులు అడవిలో ఆకలిగొని, విరగకాచిన నేరేడు చెట్టును చూచిరి. మొదటివాడు చెట్టును మొదలంట నరుకుదమనెను. రెండవవాడు పెద్దకొమ్మలు చాలుననెను. మూడవవాడు చిన్నకొమ్మలు, నాలుగవవాడు గుత్తులు, అయిదవవాడు పండినవి మాత్రము కోయుదమనెను. ఆరవవాడు, నేలరాలినవి మన ఆకలికి చాలును గదా యనెను. కృష్ణ, నీల, కాపోత, పీత, పద్మ, శుక్ల లేశ్యలను తెలుపు కథ ఇది. గ్రంథములలో స్వల్పభేదములున్నను సారమొక్కటే. గోమ్మటసారమున నేమిచంద్రాచార్యులును ఈ దృష్టాంతమునే చెప్పిరి.

ఈ కథను మనము సాధారణముగా దయను గూర్చిన కథగా చెప్పుదుము. అది సత్యమే కాని సంపూర్ణము కాదు. నేరేడు పండు తొలకరి రోజులలో రాలును. తడినేలపై రాలిన పండులో చీమలు చేరును, పురుగు పట్టును. పరీక్షింపక తిన్నచో, కొమ్మనున్న పండు తిన్నదానికంటె ఎక్కువ జీవహింస కలుగవచ్చును. మరియొక సంగతి. నేరేడు గింజకు ఆయుస్సు తక్కువ. ఎండి నిలువయుండి మరుసటి ఏటికి మొలచు గింజ కాదు. రాలిన కొద్ది దినములలోనే తడి తగిలి మొలవవలెను. అనగా రాలిన పండ్లు చెట్టు పారవేసిన చెత్త కావు. అవి చెట్టు సంతానము. రాలినవన్నియు గంపల కెత్తికొనిపోయినచో, గొడ్డలి తాకకుండగనే ఆ అడవిలో నేరేడు వంశము అంతరించును. ఒక్క కొమ్మయైనను విరువక అడవిని నాశనము చేయవచ్చునన్నమాట.

మరి ఆరవవాని గొప్పతన మెక్కడ ఉన్నది? నేలనుండి ఏరుకొనుటలో కాదు. "మన ఆకలికి చాలును" అన్న మాటలో ఉన్నది. తక్కిన అయిదుగురును చెట్టును చూచి, ఎంత కలదో అంత లెక్కించిరి. ఆరవవాడు తన పొట్టను చూచుకొని, ఎంత కావలెనో అంత లెక్కించెను. మొదటివానికిని అతనికిని ఆకలి సమానమే. గొడ్డలి పట్టినవాడు రాక్షసుడని కథ చెప్పలేదు. కొలత తెలియనివాడని మాత్రమే చెప్పినది. కొలత తెలిసినవానికి పురుగును చూచి తొలగించుటకు ఓపిక ఉండును. పక్షికిని, నక్కకును, ఎలుగుబంటికిని, రేపు మొలవవలసిన గింజకును విడిచిపెట్టుటకు మనసొప్పును.

ఈ కొలతను గూర్చి మన గ్రంథములు చెప్పు విషయమొకటి ఆశ్చర్యకరమైనది. మనమున్న జంబూద్వీపమునకు ఆ పేరు నేరేడు చెట్టు వలననే వచ్చినది. ఆ మహావృక్షము మేరువునకు ఉత్తరముననున్న ఉత్తరకురు భూమిలో కలదని లోకవర్ణన. ఉత్తరకురువు ఉత్తమ భోగభూమి. అక్కడ దున్నువాడు లేడు, అమ్మువాడు లేడు. పది విధములైన కల్పవృక్షములు కోరినది ఇచ్చును. అంత సమృద్ధి యున్నచోట జనులెంత తిందురు? దిగంబర గ్రంథముల ప్రకారము మూడు దినములు గడచిన పిదప ఒకసారి, రేగుపండంత. మధ్యమ భోగభూమిలో రెండు దినములు గడచిన పిదప తాండ్రకాయంత. జఘన్య భోగభూమిలో దినము విడిచి దినము ఉసిరికాయంత. శ్వేతాంబరులు ఆదికాలపు మూడు ఆరములను వర్ణించుచు కందిగింజంత, రేగుపండంత, ఉసిరికాయంత అని చెప్పుదురు. ఏ లెక్కయైనను భావమొక్కటే: సుఖము తగ్గినకొలది ఆహారపు కొలత పెరిగినది. చెట్టు ఎంతైనను ఇచ్చుచోట మనిషి రేగుపండంత తిని తృప్తుడయ్యెను. చెట్టు ఇయ్యలేనిచోట మనిషి గంప పట్టుకొని నిలిచినాడు.

తరువాతి కథ వర్తకులు ప్రత్యేకముగా వినదగినది. బీదరునకు పొరుగుననున్న కలబురగి జిల్లాలోని మళఖేడము ఒకనాటి మాన్యఖేటము, రాష్ట్రకూటుల రాజధాని. 9వ శతాబ్దిలో ఆ రాజ్యమునేలిన అమోఘవర్షునికి గురువుగా ప్రసిద్ధులైన జినసేనాచార్యులు ఆదిపురాణమును రచించిరి. అందులో కులకరుల చరిత్ర కలదు. కాలము క్షీణించి కల్పవృక్షములు తగ్గిపోగా జనులు వాటికొరకు కలహించిరి. అప్పుడు సీమంకరుడను కులకరుడు ఈ చెట్లు మీవి, ఆ చెట్లు వారివి అని హద్దులు ఏర్పరచెను. కలహము మరల పెరుగగా సీమంధరుడు ఆ హద్దులకు గుర్తులు పెట్టెను. అటుపిమ్మట చాలకాలమునకు ఋషభదేవుడు అసి, మసి, కృషి, విద్య, వాణిజ్యము, శిల్పము అను ఆరు వృత్తులను నేర్పెను. ఈ వరుసను గమనింపుడు. "ఇది నాది" అను మాట మనిషితో పుట్టలేదు. చెట్టు చాలనప్పుడు పుట్టినది. వాణిజ్యమును దాని వెనుకనే వచ్చినది. కొలత తప్పిన లోకములో కొలతను నిలుపుటకై ఇయ్యబడిన వృత్తి మనది. మన చేతిలోని త్రాసు అందుకే.

మరి ఆ వృత్తి అడవి పండును ముట్టినప్పుడేమగును? ఆకలికి హద్దు కలదు; ఎంత ఆకలిగొన్నవాడైనను ఒక పూటకు దోసెడు నేరేడు పండ్లు తిని లేచును. గంపకు హద్దు లేదు. గంప నిండిన వెంటనే ఇంకొక గంప కావలెను; గంపకు వెనుక బండి, బండికి వెనుక లారీ, లారీకి వెనుక గిడ్డంగి. తినువానికి పొట్ట అడ్డుపడును. అమ్ముటకు కొనువానికి అడ్డుపడునది ఏదియు లేదు, వ్రతము తప్ప. శ్రావకుల భోగోపభోగ పరిమాణ వ్రతము క్రింద విడువవలసిన పదునైదు కర్మాదానములలో వనకర్మ యొకటి. హేమచంద్రాచార్యులు యోగశాస్త్రమున, అడవిని, ఆకులను, పూలను, పండ్లను అమ్మి జీవించుటను ఇందులోనే చేర్చిరి. శ్రావకుడు నిర్దోషమైన పండు తినుటను ఆచార్యులు నిషేధింపలేదు. అడవి పండుతో జీవిక చేయుటను నిషేధించిరి. నోటికిని బుట్టకును నడుమ గీత మన ఆచార్యులు ఎన్నడో గీసియుంచినారు.

"మేము అడవి వ్యాపారము చేయము; కావున ఈ దోషము మాకంటదు" అని పెద్దలు కొందరనవచ్చును. మన కిరాణా దుకాణములలోని అలమరలను ఒకసారి చూతము. సారపప్పు ఉన్నది. కుంకుడుకాయ ఉన్నది. ఎండు ఉసిరి, కరక్కాయ, తాండ్రకాయ ఉన్నవి. ఇవి ఎక్కువగా తోటలలో పండునవి కావు. మన పండుగ పాయసములో పడిన సారపప్పు ఏదో ఒక అడవిలో, ఏదో ఒక చేతితో ఏరబడినదే. గొడ్డలి మనచేత లేకపోవచ్చును. బేరము మనచేత ఉన్నది.

ఆ బేరము ఎట్లు నడచినదో చరిత్ర చెప్పును. బస్తరు అడవులలో గిరిజనులు తెచ్చిన సారపప్పునకు వర్తకులు తూకమునకు తూకము ఉప్పు ఇచ్చెడివారు. నగరములలో బాదము, జీడిపప్పుల సరసన అమ్ముడుపోవు సరుకునకు వెల ఉప్పు! ఉప్పు ఇచ్చినవాడు దొంగతనము చేసెనని ఏ న్యాయస్థానమును అనలేదు. త్రాసు కూడ సమముగానే నిలిచినది. కాని దానిని దత్తము అనగలమా? దళారుల చేతిలో గిరిజనులు మోసపోవుట చూచియే ఆంధ్రలో 1956లో గిరిజన సహకార సంస్థను స్థాపించి, అటవీ ఉత్పత్తులను సర్కారు తరఫున కొనుట ప్రారంభించిరి. వర్తకుని త్రాసు సరిగా నున్నచో ఆ సంస్థకు అంత అవసరము ఉండెడిది కాదు.

వెల తక్కువైనప్పుడు మనిషి చెడిపోవును. పోటీ ఎక్కువైనప్పుడు చెట్టు చెడిపోవును. మధ్యభారతపు అడవులలో సారచెట్టు కాయలను పండకమునుపే దూయుట, ఉసిరి కొమ్మలను కాయలతో సహా నరుకుట పరిపాటియైనవి. ఆ నరుకువారు చెట్టుకు శత్రువులా? కారు. చెట్టు బ్రతికియున్ననే తమకు మరుసటి ఏడు బ్రతుకు అని వారికి మనకంటె బాగుగా తెలియును. కాని నేడు తాను కోయనిచో రేపు మరియొకడు కోయును. ముందు తెచ్చినవానికే బేరగాడు డబ్బిచ్చును. ఆరవ బాటసారి వలె నేలనేరుకొనుటకు వచ్చిన మనిషిని, మన తొందర మొదటి బాటసారిగా మార్చివేసినది. కొనువాని లేశ్య కోయువాని చేతిలోనికి దిగును. ఈ వ్యాసములో నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదియే.

ఇది నా కల్పన కాదు. తత్త్వార్థసూత్రము అచౌర్యవ్రతమునకు అయిదు అతిచారములను చెప్పుచున్నది. దొంగతనమునకు ప్రేరేపించుట; దొంగ తెచ్చిన సొత్తును కొనుట; రాజ్యనియమములను మీరుట; తూనికలలో హెచ్చుతగ్గులు చేయుట; మంచి సరుకులో నాసి సరుకు కలుపుట. ఇందులో ఒక్కటియు నేరుగా కన్నము వేయువాని పని కాదు. అయిదును అంగడిలో కూర్చున్నవాని పనులే. చేసినది, చేయించినది, మెచ్చుకొన్నది మూడును బంధహేతువులేయని ప్రతిక్రమణములో మనము నోరార చెప్పుదుము. చెప్పి లేచి, అంగడికి వచ్చి, మనము చేయలేదు గదా యని నెమ్మదిగా కూర్చుందుము.

పండును అందరికిని పంచిన ఉత్తర దేశములలో కూడ ఈ చిక్కు తీరలేదు. అక్కడి అడవులలో పండ్లేరుటకు ఏటేట థాయిలాండు గ్రామముల నుండి వేలమంది పోయిరి. పండు ఉచితము, హక్కు అందరిది. కాని ప్రయాణపు ఖర్చుకు అప్పు చేసి పోయి, దినమంతయు ఏరి, పంట తక్కువైన ఏట అప్పుతోనే తిరిగివచ్చినవారు వారిలో అనేకులు. ఆ పండు రాజ్యాంగము దృష్టిలో దత్తమే. ఏరిన చేతి దృష్టిలో దత్తమా?

అయినచో ఏమి చేయవలెను? అడవి సరుకును ముట్టమని అందరమును ఒట్టు పెట్టుకొందమా? వనకర్మ త్యాగము చేయగలిగినవారు ధన్యులు, వారికి నమస్కారము. కాని మరియొక ప్రక్క చూడవలెను. చిద్రి వీధులలో సీతాఫలపు గంప దింపిన స్త్రీ యొద్ద మనమెవ్వరమును కొనకపోయినచో ఆ దినము ఆమె ఇంట పొయ్యి వెలుగదు. మన పుణ్యమునకు ఆమె ఉపవాసము పెట్టుబడి కారాదు. మన వ్రతము ఆమెకు శిక్ష యగుచో ఆ వ్రతములో ఎక్కడనో దయ తప్పినది. కావున కొనువారు కొనుదురు గాక. కాని కొనుటకు ఒక నియమముండవలెను.

ఆ నియమమునకు పేరు మన ఇంటనే ఉన్నది: అజ్ఞాతఫల త్యాగము. ఇరువదిరెండు అభక్ష్యములలో పేరు తెలియని పండు ఒకటి. వంకచూలుని కథ మీకు తెలియును. దొంగల నాయకుడైన అతడు ఒక ఆచార్యుని యొద్ద పొందిన నాలుగు నియమములలో మొదటిది, పేరు తెలియని పండు తినరాదని. ఒకనాడు అడవిలో అనుచరులతో ఆకలికి నకనకలాడుచుండగా చూపునకందమైన పండ్లు దొరికినవి. పేరు చెప్పగలవారు లేరు. అతడు మానెను, తక్కినవారు తినిరి. అవి కింపాకఫలములు, తిన్నవారు తిరిగి లేవలేదు. నియమము తీసికొన్నప్పుడు అతనికది చాల అల్పముగా తోచియుండును. అడవిలో నిలిచినప్పుడు అదే ప్రాణమైనది.

నేడు మనము తినునవన్నియు పేరు తెలిసిన పండ్లే. పెట్టెమీద పేరు అచ్చువేసి యుండును. కాని పేరు తెలియుట యొక్కటే తెలియుటయా? ఈ సారపప్పు పండినదా, పచ్చిగా దూసినదా? ఈ ఉసిరికాయ చేతితో కోసినదా, కొమ్మతో నరికినదా? ఏరినవానికి ముట్టినదెంత? వాడు బయానాగా తీసికొన్న అప్పునకు కట్టుబడి తెచ్చెనా, తన ఇష్టముగా తెచ్చెనా? ఈ సంగతులు తెలియనిచో ఆ పండు మన సంచిలో ఉన్నను అజ్ఞాతఫలమే. తినువానికి వెంటనే విషము కాకపోవచ్చును. ఏరినవానికి ఎప్పుడో అయి యుండును. వర్తకునకు సరుకు పుట్టుక తెలిసికొనుట కష్టము కాదు. నాణెము కల్తీదా కాదా అని చేతితో ఎగురవేసి చెప్పగలిగినవారి సంతతి మనది. లాభము కొరకు వేయు ప్రశ్నలను కొంచెము దూరము సాగించి ధర్మము కొరకును వేయవలెను.

ఇక ఇల్లాండ్రకొక మనవి. గంప దింపించుకొని, వెల తెగిన తరువాత, కొసరు అడుగుట మనకు అలవాటు. దుకాణములో కొసరు వేయుట వర్తకుని ఔదార్యము. తరతరములుగా మనవారు దానిని మర్యాదగా నిలిపినారు. కాని మండుటెండలో గంపతో నిలిచి, ఇంకను పది ఇండ్లు తిరుగవలసిన స్త్రీని రెండు పండ్లు ఎక్కువ వేయుమని గదమాయించినచో ఆమె వేయును. వేయకున్న బేరము పోవును గదా! ఇష్టముతో ఇచ్చినది దత్తము. ఇయ్యక తప్పక ఇచ్చినది, నోటితో ఇచ్చినను, అదత్తమునకు దగ్గర చుట్టమే. ఆ రెండు పండ్లతో మన ఇల్లు నిండదు. ఆమె గంప మాత్రము తరుగును.

ఉపాసకదశాంగ సూత్రములోని ఆనంద శ్రావకుడు వర్తకులకు ఆదర్శమూర్తి. నాలుగు కోట్ల బంగారు నిధిలోను, నాలుగు కోట్లు వ్యాపారములోను, నాలుగు కోట్లు గృహవైభవములోను గలవాడు. పదేసి వేల గోవులతో నాలుగు మందలు గలవాడు. మహావీరస్వామి సన్నిధిలో వ్రతములు స్వీకరించునప్పుడు అంతటి ధనవంతుడు ఫలముల విషయములో తనకు క్షీరామలకము ఒక్కటి చాలునని, తక్కినవన్నియు విడిచిపెట్టెను. లోకములోని పండ్లన్నియు కొనగలిగినవాడు ఒక ఉసిరికాయ దగ్గర ఆగినాడు. అతడు బీదవాడు కాలేదు. అతని వ్యాపారము ఆగలేదు. అతని కోరికకు ఒక కొలత ఏర్పడినది.

రాబోవు చాతుర్మాస్యమునకు ముందు, నేరేడు పండ్ల కాలములోనే, మన కుటుంబములవారు ఒక చిన్న నియమము తీసికొనవచ్చునని నా ప్రార్థన. అడవి పండు తెచ్చినవారి యొద్ద కొసరు అడుగరాదు; వారు చెప్పిన న్యాయమైన వెలను తగ్గింపరాదు. పచ్చికాయను, కొమ్మతో వచ్చిన కాయను ఎంత చవుకగా వచ్చినను కొనరాదు. అడవి సరుకు అమ్ము దుకాణదారుడు సంవత్సరమునకు ఒక్క సరుకైనను ఎంచుకొని, అది ఏ అడవినుండి, ఎవరి చేతిమీదుగా, ఎంత వెలకు వచ్చినదో మొదటివరకు తెలిసికొనవలెను. మహావ్రతము కాదు, అణువ్రతములో అణువు. కాని వంకచూలుని నియమము కూడ అంతటిదే.

అడవి పండు ఎవరిది అని మొదట అడిగితిమి. చట్టము ఒకరి పేరు చెప్పును, కాలము మారినప్పుడు మరొకరి పేరు చెప్పును. ధర్మము ఎవరి పేరును చెప్పదు. చెట్టు, పక్షి, మొలవబోవు గింజ, ముండ్లలో దూరిన చేయి, వీరందరి పాలు తీసివేసిన తరువాత మిగిలినది ఎంతయో, అందులో నీ ఆకలికి సరిపడునది నీది అని మాత్రము చెప్పును. లెక్కలలో ఆరితేరినవారమని పేరుపొందిన మనకు ఈ తీసివేత కష్టము కారాదు.

జై జినేంద్ర.